పట్టాదారు మారితే అనుభవదారుల సంగతేమిటి: కీక్లోక్‌లో యాజమాన్య బదిలీ, ప్రాజెక్టు డైరీ

2025 మార్చి 3, సోమవారం

మా సంస్థలో తాళపత్ర ప్రతుల స్కాన్లను, వాటి నుంచి ఎత్తిరాసిన పాఠాలను భద్రపరిచే డిజిటల్ భాండాగారం ఒకటి ఉంది. ఒక ప్రతిని చదివి, ఎత్తిరాసి, పాఠభేదాలు గుర్తించిన పండితులే ఆ ప్రతికి యజమానులన్నది మేము మొదటి నుంచీ పెట్టుకున్న నియమం. దానిని ఎవరు చూడాలి, ఎవరు సవరించాలి, ఎవరు దించుకోవాలి అన్నది అడ్మిన్ చేతిలో ఉండదు, ఆ యజమానే నిర్ణయిస్తారు. ఈ అనుమతుల వ్యవహారమంతా కీక్లోక్‌కు, అంటే లాగిన్లను, అనుమతులను చూసుకునే సాఫ్ట్‌వేర్‌కు, అప్పగించాము. అనుమతులిచ్చే ఓఆథ్ 2.0 ప్రమాణం మీద కట్టిన, తన వస్తువును ఎవరితో పంచుకోవాలో యజమానే నిర్ణయించుకునే యూఎంఏ 2.0 అనే ప్రమాణాన్ని కంటారా ఇనిషియేటివ్ 2018 జనవరిలో ఖరారు చేసింది. అదే ఏడాది వచ్చిన 4.0 వెర్షన్ నుంచి అది కీక్లోక్‌లో ఉంది. మేము నడుపుతున్నది 26వ వెర్షన్.

ఈ నెలాఖరున మా సీనియర్ పండితులు ఒకరు పదవీ విరమణ చేస్తున్నారు. మేమందరం ఆయనను మాస్టారు అనే పిలుస్తాము. ఆయన పేరున 214 రిసోర్సులు, అంటే కీక్లోక్‌లో ఒక్కో ప్రతికి ఉండే రికార్డులు, ఉన్నాయి. వాటన్నిటినీ ఆయన స్థానంలోకి వస్తున్న మేడమ్ పేరుకు మార్చాలని పై నుంచి కాగితం వచ్చింది. కాగితంలో ఉన్నది ఒకే వాక్యం: యాజమాన్యం బదిలీ చేయవలసినది. ఆ ఒక్క వాక్యం వెనుక ఎంత పని ఉందో తేల్చుకోవడానికే ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

నాకు ఈ విషయంలో తొందర కన్నా భయమే ఎక్కువగా ఉంది. నిరుడు మా దగ్గర ఒక పరిశోధన సహాయకుడు ఉద్యోగం మానివెళ్ళినప్పుడు అందరికీ చేసినట్టే ఆయన ఖాతాను కూడా తొలగించాము. మర్నాడు ఆయన ఎత్తిరాసిన ప్రతులు ఒక్కటీ ఎవరికీ తెరుచుకోలేదు. ఫైళ్ళు స్టోరేజీలో చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటికి కావలి కాసే రికార్డులు మాత్రం కీక్లోక్‌లో లేవు. బ్యాకప్ నుంచి వెనక్కు తెచ్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. అప్పట్లో ఎందుకు జరిగిందో పూర్తిగా తవ్వి చూడలేదు. ఈసారి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మార్చి 4, మంగళవారం

పరీక్ష సర్వర్‌లో ఒక ఉత్తుత్తి వినియోగదారును సృష్టించి, ఆయన పేరున మూడు రిసోర్సులు నమోదు చేసి, వాటిలో ఒకదానిని మరొకరికి పంచి, ఆ తరువాత ఆ ఖాతాను తొలగించాను. మూడు రిసోర్సులూ పోయాయి, పంచిన అనుమతి కూడా పోయింది. ఇది లోపం కాదు, కీక్లోక్ కావాలని చేసే పనే. వినియోగదారు తొలగిపోయాడన్న సంకేతం అందగానే ఆయన సొంత రిసోర్సులను, వాటి మీది టికెట్లను (ఎవరికి ఏ అనుమతి ఉందో, ఎవరు అడిగారో చెప్పే నమోదులను), ఆయన పెట్టిన పాలసీలను (అనుమతి నియమాలను) అది తుడిచివేస్తుంది. ఒక మనిషి తన ఖాతాను తీసివేయమన్నప్పుడు ఆయన తాలూకు దేనినీ మిగల్చకుండా తీసివేయడమే ధర్మం కాబట్టి, ఆ ఏర్పాటును నేను తప్పు పట్టను. ఫోటోల ఆల్బమ్ వంటి వాటికి అది సరిగ్గా సరిపోతుంది. మా తాళపత్రాల వంటి వాటికి మాత్రం, మనిషి వెళ్ళినా వస్తువు నిలవాలి.

అందువల్ల మొదటి నియమం ఈ రోజే రాసుకున్నాము: బదిలీ పూర్తయి, సరిచూసుకునే దాకా ఎవరి ఖాతానూ తొలగించరాదు, నిలిపివేయాలి అంతే. నిలిపివేసిన ఖాతాతో లాగిన్ కాలేరు గాని, ఆ ఖాతా పేరున ఉన్నవన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఖాతాలు చూసే విభాగం వారితో మాట్లాడి, తొలగింపు బటన్‌ను మామూలు అడ్మిన్ల పాత్ర నుంచి తీసివేయించాను.

మార్చి 5, బుధవారం

అన్నిటికన్నా తేలిక దారి ముందు ప్రయత్నించాను. రిసోర్సును సవరించే అభ్యర్థనలో యజమాని స్థానంలో కొత్త వ్యక్తి గుర్తింపు పెట్టి పంపాను. 204 అని జవాబు వచ్చింది, అంటే పని అయినట్టే లెక్క. వెంటనే అదే రిసోర్సును తిరిగి చదివితే యజమాని పాత వ్యక్తే. పేరు మార్చి పంపితే పేరు మారింది. స్కోపులు, అంటే చూడటం, దించుకోవడం వంటి పనుల జాబితా, మార్చితే అవీ మారాయి. యజమాని మాత్రం కదలలేదు.

కీక్లోక్ సోర్సు తెరిచి చూశాక విషయం అర్థమయింది. రిసోర్సు నమూనాలో యజమానిని చదివే మార్గం ఉంది గాని, మార్చే మార్గమే లేదు. పుట్టినప్పుడు ఎవరి పేరున పుట్టిందో పోయేదాకా వారి పేరుననే ఉంటుంది. ప్రమాణం కూడా ఈ మాట ఎక్కడా ఎత్తదు. రిసోర్సు నమోదు గురించి యూఎంఏ చెప్పే పనులు అయిదే: కొత్తగా నమోదు చేయడం, చదవడం, సవరించడం, తొలగించడం, జాబితా ఇవ్వడం. చేతులు మార్చడం అన్నది ఆ అయిదింటిలో లేదు.

ఇక్కడ ఒక మాట రాసుకోవాలి. యాజమాన్యం ఇచ్చిపుచ్చుకోవడం దగ్గర ప్రతి వ్యవస్థా ఏదో ఒక చోట గీత గీస్తుంది. లినక్స్‌లో మామూలు వినియోగదారు తన ఫైలును ఇంకొకరి పేరున రాయలేడు, ఆ అధికారం రూట్ అనే సర్వాధికార ఖాతాదే. పాత సిస్టమ్ ఫైవ్ యూనిక్స్‌లో రాయగలిగేవారు. డిస్క్ కోటా లెక్కలున్న చోట అలా రాయనిస్తే, తన బరువైన ఫైళ్ళను ఎదుటివారి ఖాతాలో వేసి తాను తేలికపడవచ్చు. గూగుల్ డ్రైవ్‌లో వ్యక్తిగత ఖాతాల మధ్య బదిలీ చేస్తే అవతలివారు ఒప్పుకున్నాకే యజమాని మారతాడు. ఈ రెండు ఉదాహరణలూ ఒకే విషయం చెబుతున్నట్టు నాకు తోచింది. ఇచ్చేవారి సమ్మతితో పాటు పుచ్చుకునేవారి సమ్మతి కూడా ఉండాలి, ఎందుకంటే యాజమాన్యంతో హక్కులే కాక బరువు కూడా వస్తుంది.

మార్చి 6, గురువారం

డేటాబేస్ చూసుకునే సహోద్యోగి ఒక దారి చెప్పారు. "అన్నా, రిసోర్సుల పట్టికలో యజమాని కాలమ్ ఒకటే కదా, ఒక్క అప్‌డేట్ కొడితే 214 వరుసలూ మారిపోతాయి" అన్నారు. పరీక్ష సర్వర్‌లో ఆయన ముందే కూర్చుని చేసి చూశాము. వరుసలు మారాయి. తెర మీద పాత యజమానే కనబడ్డాడు, ఎందుకంటే కీక్లోక్ తన కాష్‌లో, అంటే తాత్కాలికంగా దాచుకున్న నకలులో, ఉన్నదే చూపిస్తోంది. సర్వర్‌ను ఆపి మళ్ళీ నడిపితే కొత్త యజమాని కనబడ్డారు. సహోద్యోగి సంతోషించారు.

ఆ తరువాత పాత యజమాని పంచిన ఒక ప్రతిని కొత్త యజమాని ఖాతాతో తెరిచి, ఎవరెవరికి పంచబడిందో చూద్దామంటే జాబితా ఖాళీగా ఉంది. అయినా పంచుకున్న విద్యార్థి మాత్రం ఆ ప్రతిని నిక్షేపంగా చదువుకోగలుగుతున్నాడు. కారణం తేలిగ్గానే దొరికింది. టికెట్ల పట్టికలో అడిగినవారి కాలమ్‌తో పాటు యజమాని కాలమ్ వేరుగా ఉంది, అక్కడ ఇంకా పాత పేరే ఉంది. పాలసీల పట్టికలోనూ యజమాని కాలమ్ ఉంది. అంటే ఒక్క చోట మార్చి ఊరుకుంటే, కొత్త యజమానికి కనబడని, ఆమె రద్దు చేయలేని అనుమతులు ఆమె రిసోర్సుల మీదనే నడుస్తూ ఉంటాయి.

పొలం కొన్నవారికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన రెవెన్యూ రికార్డులో పేరు దానంతట అది మారిపోతుందని ఎన్నో ఏళ్ళు మన ఊళ్ళలో ఎవరూ అనుకోలేదు, మ్యుటేషన్ కోసం వేరుగా తిరిగేవారు. తెలంగాణలో పహాణీ అన్నా, ఆంధ్రలో అడంగల్ అన్నా, అందులో పట్టాదారు కాలమ్ వేరు, అనుభవదారు కాలమ్ వేరు. మా డేటాబేస్‌లో మేము పట్టాదారును మార్చాము, అనుభవదారులు పాత పట్టాదారు పేరుననే సాగు చేసుకుంటున్నారు. ఈ పోలిక చెప్పగానే సహోద్యోగి తల ఊపి, "అయితే మూడు పట్టికల్లోనూ మారుద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. డేటాబేస్‌లో చేయి పెట్టి మార్చితే ఎవరు, ఎప్పుడు, ఎవరి సమ్మతితో మార్చారన్న ఆనవాలు ఎక్కడా మిగలదు. పైగా రేపు వెర్షన్ మారినప్పుడు పట్టికల నిర్మాణం మారితే మా స్క్రిప్టు మౌనంగా తప్పు చేస్తుంది. ఆ దారిని ఇంతటితో మూసివేశాము.

మార్చి 10, సోమవారం

ఈ రోజు కంప్యూటర్ పని దాదాపు ఏమీ చేయలేదు. ఇంతవరకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన రోజు మాత్రం ఇదే.

మాస్టారి గదికి వెళ్ళి, ఆయన 214 రిసోర్సుల జాబితాను, వాటి మీద ఉన్న టికెట్ల జాబితాను కాగితం మీద అచ్చు వేసి ముందు పెట్టాను. ఒక మనిషికి ఒక ప్రతి మీద చూసే అనుమతి, దించుకునే అనుమతి రెండూ ఇస్తే కీక్లోక్ రెండు టికెట్లు రాస్తుంది. అందుచేత జాబితా పొడవుగా, 391 వరుసలుగా వచ్చింది. కొనేవారు ఈసీ తీయించుకున్నట్టు, బదిలీకి ముందు ఈ ఆస్తి మీద ఏ భారాలున్నాయో తెలుసుకోవాలని నా ఉద్దేశం. ప్రతి వరుస దగ్గరా ఆయనను ఒకటే అడిగాను: "మాస్టారూ, ఇది మేడమ్ గారికి బదిలీ అయ్యాక కూడా కొనసాగాలా?"

చాలా వాటికి ఆయన వెంటనే అవును అన్నారు. కొన్నిటికి కాదు అన్నారు, ఆ విద్యార్థుల థీసిస్ అయిపోయి ఏళ్ళయింది. ఒక వైద్య గ్రంథం దగ్గర ఆగారు. తెర మీద తెరవమన్నారు, తెరిచాను. పద్దెనిమిదో ఆకు పక్కన ఆయన రాసుకున్న గమనిక కనబడింది: ఆకు అంచు పురుగు తిన్నది, నాలుగో పంక్తి చివరి పదం నా ఊహ. ఆ వాక్యం మీద వేలు పెట్టి కాసేపు ఊరుకున్నారు. తరువాత అన్నారు: "ఈ ప్రతి ఇచ్చిన కుటుంబానికి నేనొక మాట ఇచ్చాను బాబూ. చదువుకోవడానికి ఎవరికైనా చూపిస్తాను, దించుకోవడానికి మాత్రం ఎవరికీ ఇవ్వను అని. ఇందులో ఔషధ యోగాలున్నాయి, మందులుగా అమ్ముకుంటారని వాళ్ళ భయం. ఆ మాట మీ కంప్యూటర్‌లో ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. జాబితాలో ఆ ప్రతి మీద దించుకునే టికెట్ ఒక్కటి కూడా లేదు, అంతే. టికెట్ లేకపోవడమన్నది ఇంతవరకు ఎవరూ అడగలేదని చెప్పగలదు, అడిగినా ఇవ్వరాదని చెప్పలేదు. రేపు మేడమ్ యజమానురాలైన మొదటి వారంలోనే ఎవరైనా అడిగితే, ఆమె మంచి మనసుతో ఇచ్చివేస్తారు, మాస్టారి మాట తప్పిపోతుంది. బదిలీ అంటే పేరు మార్చడమనీ, ఆ తరువాత పంచిన అనుమతులను మోసుకువెళ్ళడమనీ నేను అనుకుంటూ వచ్చాను. ఇచ్చిన అనుమతులతో పాటు, ఇవ్వనని ఇచ్చిన మాటలు కూడా దాటాలని ఈ రోజు తెలిసింది.

సాయంత్రం దాకా కూర్చుని అలాంటివి పదకొండు తేల్చాము. ఒకటి ఫలానా సంవత్సరం దాకా ప్రచురించరాదన్నది, రెండు ఒక మఠం వారి అనుమతి అడిగి తీరాలన్నవి, మిగిలినవి దించుకోవడం గురించినవి. ప్రతిదీ ఆయన మాటల్లోనే రాసుకున్నాను.

మార్చి 12, బుధవారం

పద్ధతి ఖరారయింది. పాత రిసోర్సును మార్చలేము కనుక, కొత్త యజమాని పేరున కొత్త రిసోర్సును నమోదు చేసి, కొనసాగవలసిన అనుమతులను దాని మీద మళ్ళీ రాసి, అన్నీ సరిపోయాయని తేలాక పాతదానిని తొలగించాలి. ప్రతి రిసోర్సుకూ కీక్లోక్ ఒక గుర్తింపు ఇస్తుంది. కొత్తదానికి అది మారుతుంది కాబట్టి, మా అనువర్తనంలో ఏ ప్రతికి ఏ గుర్తింపు అన్న జోడీని అదే సమయంలో మార్చాలి.

కొత్త రిసోర్సుకు గుణాలు జోడించే వీలుంది, ఒక్కో గుణానికి ఎన్ని విలువలైనా ఉండవచ్చు. దానిని రెండు పనులకు వాడుతున్నాము. మొదటిది పూర్వ యజమాని ఎవరు, బదిలీ ఎప్పుడు, పాత గుర్తింపు ఏది అన్న చరిత్ర. భూమి కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే, ముప్పై ఏళ్ళ తరువాత ఎవరైనా ఈ ప్రతి చేతులు మారిన వరసను వెనక్కు నడిచి చూడగలగాలి. రెండవది షరతు. మాస్టారు చెప్పిన ఆ పదకొండు మాటలూ ఇక్కడికి వస్తాయి. ఒక అనుమతి అభ్యర్థన వచ్చినప్పుడు, యజమాని ఒప్పుకునే బటన్ నొక్కే ముందే ఆ షరతు పూర్తి పాఠం తెర మీద కనబడేలా చేస్తున్నాము. బటన్‌ను అసలు పనిచేయకుండా చేద్దామా అని చర్చ జరిగింది. నేను వద్దన్నాను. యజమాని యజమానే, మాట తెలియకుండా తప్పకూడదు గాని, ఆ కుటుంబంతో మళ్ళీ మాట్లాడి మార్చుకునే స్వేచ్ఛ ఆమెకు ఉండాలి.

మార్చి 17, సోమవారం

రాయడం మొదలుపెట్టాను. మొదటి భాగం, అంటే పాత యజమాని రిసోర్సులన్నిటినీ చదవడం, పొద్దుటే అయిపోయింది. జాబితాలో 214 రావలసిన చోట సరిగ్గా 100 వచ్చాయి. సరిగ్గా నూరు అన్న సంఖ్య కనబడితే అనుమానించాలి. పరిమితి చెప్పకుండా అడిగితే కీక్లోక్ నూరు దగ్గర ఆపుతుంది, ఎక్కడి నుంచి, ఎన్ని అని మనమే చెప్పి విడతలుగా అడగాలి. టికెట్ల జాబితాకూ అంతే. గమనించకుండా ముందుకు వెళ్ళి ఉంటే 114 ప్రతులు పాత పేరున మిగిలిపోయి, ఖాతా తొలగించిన నాడు నిరుటి కథే మళ్ళీ జరిగేది. అందుచేత స్క్రిప్టు మొదట్లోనే, డేటాబేస్‌లో లెక్కపెట్టిన సంఖ్యతో సరిపోకపోతే ఒక్క అడుగు కూడా ముందుకు వేయకుండా ఆగిపోయేలా రాశాను.

మార్చి 18, మంగళవారం

కొత్త రిసోర్సు నమోదు చేయడానికి మా అనువర్తనపు సొంత టోకెన్ (లాగిన్ అయ్యాక కీక్లోక్ ఇచ్చే, కొంత గడువుండే డిజిటల్ చీటీ) చాలు. క్లయింట్ సర్వీసు ఖాతాకు, అంటే మనిషిది కాక అనువర్తనానికే ఉండే ఖాతాకు, యూఎంఏ రక్షణ పాత్ర ఉంటే అది ఎవరి పేరుననైనా నమోదు చేయగలదు. అదే టోకెన్‌తో అనుమతి టికెట్ రాయబోతే 403, అంటే అధికారం లేదని, వచ్చింది. ఆ రిసోర్సు మీద అనుమతిని దాని యజమాని మాత్రమే సృష్టించగలరని సందేశం. అనువర్తనం ఉన్న టికెట్‌ను మార్చగలదు, కొత్తగా ఒకరి తరపున ఇవ్వలేదు. బృందాలకు అనుమతినిచ్చే పాలసీలు మాస్టారివి మూడున్నాయి, వాటికీ యజమాని టోకెనే కావాలి. సహోద్యోగి దీనిని అడ్డంకి అన్నారు.

నాకు ఇందులో అడ్డంకి కనబడలేదు. నేను 5వ తేదీన రాసుకున్న మాటే ఇక్కడ వ్యవస్థ తనంతట తాను అడుగుతోంది. పుచ్చుకునేవారు స్వయంగా లాగిన్ అయి, జాబితా చదివి, స్వీకరిస్తున్నాను అని నొక్కితే, ఆ క్షణంలో ఆమె టోకెన్‌తోనే టికెట్లు రాయబడతాయి. అప్పుడు ప్రతి అనుమతీ ఆమె ఇచ్చినదే అవుతుంది, ఆడిట్‌లో ఆమె పేరే ఉంటుంది. రాత్రిపూట స్క్రిప్టు నడిపి పొద్దున ఆమెకు కబురు చేసే పద్ధతి కన్నా ఇది ఎంతో మర్యాదైనది. కాబట్టి తెర మీద స్వీకార పత్రం వంటి ఒక పుట తయారుచేస్తున్నాము. ఒక్కో ప్రతికి పేరు, ప్రస్తుతం ఎవరికి ఏ అనుమతి ఉంది, షరతు ఏమైనా ఉందా అన్నవి ఉంటాయి. ప్రతి అనుమతి పక్కనా ఒక గడి ఉంటుంది. మాస్టారు కొనసాగాలన్నవాటికి ముందే టిక్కు పెట్టి ఉంటుంది, ఆమె తీసివేయవచ్చు.

ఇంకా ఒప్పుకోని అభ్యర్థనలు తొమ్మిది ఉన్నాయి. వాటిని ఒప్పుకోని స్థితిలోనే కొత్త యజమాని ముందుకు తీసుకువెళతాము. అడిగినవారు మళ్ళీ మొదటి నుంచి అడగనక్కరలేదు.

మార్చి 20, గురువారం

చిన్న చిక్కు. కీక్లోక్‌లో ఒకే యజమాని పేరున ఒకే పేరుతో రెండు రిసోర్సులు ఉండకూడదు గాని, వేరువేరు యజమానులకు ఒకే పేరు ఉండవచ్చు. అందువల్ల పాతది ఉండగానే కొత్తది అదే పేరుతో నమోదవుతుంది, మా పద్ధతి నడిచేదే ఈ వెసులుబాటు మీద. అయితే మేడమ్ ఇదివరకే ఒక శతకం ప్రతిని మాస్టారు పెట్టిన పేరుతోనే నమోదు చేసి ఉన్నారు. పరీక్షలో అది 409, అంటే ఆ పేరు ఇప్పటికే ఉందన్న జవాబు, ఇచ్చి ఆగిపోయింది. రెండూ వేరువేరు ఊళ్ళలో దొరికిన ప్రతులు. పేరు చివర ప్రతి సంఖ్య చేర్చి సరిచేశాము. పేర్ల ఘర్షణలను నిజమైన బదిలీకి ముందే తనిఖీ చేసే అడుగు ఒకటి కలిపాను.

మార్చి 24, సోమవారం

ఈ రోజు పాత టోకెన్ల గురించి ఆలోచించాను. కీక్లోక్ ఇచ్చే అనుమతి టోకెన్‌లో ఏ రిసోర్సు మీద ఏ స్కోపులున్నాయో రాసి ఉంటుంది. మా సర్వర్ ఆ టోకెన్ సంతకాన్ని చూసి నమ్ముతుంది, ప్రతిసారీ కీక్లోక్‌ను అడగదు. కాబట్టి బదిలీ అయ్యాక కూడా, అంతకు ముందు నిమిషంలో తీసుకున్న టోకెన్ దాని గడువు తీరేదాకా చెల్లుతుంది. ఆ గడువును మేము మార్చలేదు, అలవాటుగా ఉండే 5 నిమిషాలే. మాస్టారి విషయంలో 5 నిమిషాలు ఎవరికీ బాధ కలిగించవు. కాని ఇదే పద్ధతిని రేపు మనస్పర్థలతో వెళ్ళిపోయే వ్యక్తి విషయంలో కూడా వాడవలసి రావచ్చు.

ఇక్కడ కొత్త గుర్తింపు మాకు మేలు చేసింది. పాత టోకెన్‌లో ఉన్నది పాత గుర్తింపు. మా అనువర్తనంలో జోడీ మారిన క్షణం నుంచి ఆ ప్రతి కోసం కొత్త గుర్తింపునే వెతుకుతుంది. పాత టోకెన్ చెల్లుతున్నా, అందులో రాసి ఉన్న గుర్తింపు ఇప్పుడు ఏ ప్రతిదీ కాదు. నాలుగుసార్లు ప్రయత్నించి చూశాను, నాలుగుసార్లూ తెరుచుకోలేదు. డేటాబేస్‌లో కాలమ్ మార్చే దారిలో వెళ్ళి ఉంటే గుర్తింపు అదే ఉండి, ఈ సందు తెరిచే ఉండేది.

మార్చి 27, గురువారం

మొత్తం నకలు మీద పూర్తి రిహార్సల్ చేశాము. 30వ తేదీ ఆదివారం ఉగాది, మర్నాడు రంజాన్, కాబట్టి మాస్టారికి రేపటి శుక్రవారమే ఆఖరి పనిదినం. రిహార్సల్‌లో ఒకచోట కావాలనే నెట్‌వర్క్ తెంపి చూశాను. 60వ ప్రతి దగ్గర ఆగింది. మళ్ళీ మొదలుపెడితే, అప్పటికే దాటినవాటిని గుర్తుపట్టి 60 నుంచే సాగింది. ఒక్కో ప్రతికి నాలుగు మెట్లు: నమోదు, టికెట్లు, సరిచూడటం, జోడీ మార్చడం. ఏ మెట్టు దాకా వచ్చిందో ప్రతిసారీ మా పట్టికలో రాస్తాము. పాతదానిని తొలగించడం అయిదో మెట్టు. దానిని రేపు చేయము, వారం ఆగి చేస్తాము.

మార్చి 28, శుక్రవారం

పదకొండు గంటలకు మేడమ్ మాస్టారి గదిలోనే, ఆయన పక్క కుర్చీలో కూర్చుని లాగిన్ అయ్యారు. మాస్టారు ముందు తన ఖాతా నుంచి బదిలీ చేస్తున్నాను అని ఒప్పుకున్నారు. ఆ తరువాత స్వీకార పత్రం ఆమె తెర మీద తెరుచుకుంది. ఆమె గబగబా నొక్కేస్తారేమో అనుకున్నాను. అలా చేయలేదు. ప్రతి పేరు చదువుతూ, అనుమతి పొందినవారిలో తనకు తెలియనివారి గురించి ఆయనను అడుగుతూ వెళ్ళారు. రెండు చోట్ల టిక్కు తీసివేశారు, ఒక చోట మాస్టారు వద్దన్నదానిని కొనసాగిస్తానన్నారు. "మీ ఇష్టం అమ్మా, ఇప్పుడవి మీవి" అన్నారాయన.

వైద్య గ్రంథం దగ్గరకు వచ్చేసరికి షరతు కనబడింది. ఆమె పైకి చదివారు. చదివి, ఆ కుటుంబం వారి ఊరు, వారితో ఎవరు మాట్లాడగలరు అన్నది కూడా అందులో చేర్చమని అడిగారు, ఎందుకంటే రేపు ఆ మాట మార్చుకోవలసి వస్తే అడగవలసినది వారినే కదా అన్నారు. అది నాకు తట్టలేదు. వ్యక్తుల వివరాలు రిసోర్సు గుణాల్లో పెట్టడం సరికాదు కనుక, ఆ వివరాలు కార్యాలయ ఫైలులో ఉంచి, ఫైలు సంఖ్యను మాత్రం షరతులో రాశాము.

రెండున్నరకు అయిపోయింది. 214 ప్రతులూ ఆమె పేరున ఉన్నాయి. పాత టికెట్లు 391లో 318 ఆమె ఇచ్చినవిగా మళ్ళీ రాయబడ్డాయి, మిగిలినవి ఇద్దరూ కలిసి వదిలివేసినవి. తొమ్మిది అభ్యర్థనలూ ఆమె ముందుకు వచ్చాయి. మాస్టారు తన ఖాతాతో వైద్య గ్రంథం తెరవబోతే అనుమతి లేదని వచ్చింది. ఆయన అది చూసి, ఆ పుటలోనే ఉన్న అనుమతి కోరే బటన్ నొక్కారు. పక్క కుర్చీలో మేడమ్ తెర మీద పదో అభ్యర్థన కనబడింది. చూడటానికి, సవరించడానికి రెండిటికీ ఆమె ఒప్పుకున్నారు.

ఏప్రిల్ 4, శుక్రవారం

వారం గడిచింది. పాత రిసోర్సులను ఈ ఉదయం తొలగించాము, తొలగించే ముందు ప్రతిదానికీ కొత్తది ఉందని, జోడీ కొత్తదానినే చూపుతోందని స్క్రిప్టు మళ్ళీ సరిచూసింది. ఈ వారంలో ఫిర్యాదులు రెండు వచ్చాయి. ఇద్దరూ పాత గుర్తింపుతో ఉన్న లింకును బ్రౌజర్‌లో దాచుకున్నవారే. పాత గుర్తింపు అడిగితే కొత్త పుటకు పంపే ఏర్పాటు చేశాము, పూర్వ గుర్తింపు అన్న గుణం అందుకు పనికివచ్చింది.

మాస్టారి ఖాతాను నిలిపివేయలేదు. ఆయన ఇప్పుడు యజమాని కాదు, అనుమతి పొందిన చదువరి. నిన్న రాత్రి పద్దెనిమిదో ఆకు గమనికలో ఒక సవరణ ఆయన పేరున నమోదయి ఉంది: నాలుగో పంక్తి చివరి పదం, ఊహ అన్న మాట కొట్టివేసి, మరో ప్రతితో పోల్చి చూడవలెను అని రాశారు.